మూడు నవలలు, ఒకే కథ: జూల్ వెర్న్ సముద్ర నవలలను ఎలా కూర్చాలి

ఒకే రచయిత వేర్వేరు సంవత్సరాలలో రాసిన విజ్ఞాన కల్పనా నవలలను చదివినప్పుడు, ఒక నవలలోని మనిషి మరొక నవలలో తలుపు తోసుకొని లోపలికి వస్తే, ఆ రెండింటినీ కలిపి ఒకే కథగా చదువుకోవాలనే కోరిక అభిమానులకు సహజంగానే కలుగుతుంది. ఆ కోరికను కాగితం మీద పెట్టదలచిన వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణగా ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ నవలలు మూడింటిని తీసుకుంటాను. మొదటిది 1865లో ధారావాహికగా మొదలైన ‘కెప్టెన్ గ్రాంట్ పిల్లలు’, రెండవది 1869–70లో వెలువడిన ‘సముద్రం అడుగున ఇరవై వేల లీగులు’, మూడవది 1874–75లో వెలువడిన ‘రహస్య ద్వీపం’. మొదటి నవలలోని ద్రోహి ఎయిర్టన్, రెండవ నవలలోని కెప్టెన్ నెమో ఇద్దరూ మూడవ నవలలో కలుస్తారు కనుక, ఈ మూడూ ఒకే కథ కావాలని రచయితే కోరుకున్నాడని చెప్పవచ్చు. అయితే తేదీలు ఒకదానితో ఒకటి కుదరవు. ఆ కుదరకపోవడమే ఈ పనిలోని కష్టమూ, ఈ పనిలోని ఆనందమూ. సౌకర్యం కోసం ఇకపై వీటిని గ్రాంట్ కథ, నాటిలస్ కథ (నాటిలస్ అంటే నెమో కట్టిన జలాంతర్గామి), ద్వీపం కథ అని పిలుస్తాను.

ముందుగా హక్కుల సంగతి

భారతదేశంలో రచయిత జీవించి ఉండగా వెలువడిన రచనకు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుండి లెక్కవేసి 60 సంవత్సరాల పాటు హక్కులు ఉంటాయి. వెర్న్ 1905 మార్చి 24న మరణించాడు కనుక ఆయన మూల రచనలను ఎవరైనా విరిచి కలుపుకోవచ్చు. 1946లో మరణించిన హెచ్. జి. వెల్స్ రచనలు కూడా మన దేశంలో 2007 నుండి స్వేచ్ఛగానే ఉన్నాయి. 1992లో మరణించిన ఐజాక్ అసిమోవ్ రచనలకు మాత్రం ఇక్కడ 2052 చివరి దాకా రక్షణ ఉంది. అభిమానంతో చేశామని, పైసా తీసుకోలేదని చెప్పుకున్నంత మాత్రాన చట్టం ముందు అనుమతి అవసరం తీరిపోదు. అటువంటి నవలలను కలుపుకొని మీ మటుకు మీరు చదువుకోండి, పదిమందికీ పంచకండి. ఇతర దేశాలలో ప్రచురించాలనుకుంటే అక్కడి లెక్క వేరు కనుక విడిగా చూసుకోవాలి.

చాలామంది మరచిపోయే విషయం ఒకటి ఉంది. మూలానికి హక్కులు తీరిపోయినా, అనువాదానికి అనువాదకుని పేరిట వేరే హక్కు ఉంటుంది. నిన్నమొన్న వచ్చిన ఇంగ్లీషు అనువాదం నుండి గాని, ఇటీవలి తెలుగు అనువాదం నుండి గాని పేరాలు ఎత్తి మీ కూర్పులో పెట్టుకోవడం కుదరదు.

ఏ ప్రతిని ఎదుట పెట్టుకోవాలి

ఫ్రెంచి వచ్చినవారికి ఈ చిక్కు లేదు. ఇంగ్లీషు మీద ఆధారపడే మనబోటి వారు మాత్రం, ఉచితంగా దొరికే పాత అనువాదాలను గుడ్డిగా నమ్మకూడదు. నాటిలస్ కథకు 1870ల తొలినాళ్లలో మెర్సియర్ చేసిన అనువాదమే తరతరాలుగా అచ్చవుతూ వచ్చింది. అందులో మూలంలోని సుమారు ఐదవ వంతు ఎగిరిపోయింది, శాస్త్ర విషయాలలో తప్పులు కూడా దొర్లాయి. ద్వీపం కథకు కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన పాత అనువాదంలో ఇంజనీరు సైరస్ స్మిత్ పేరు సైరస్ హార్డింగ్‌గా మారింది. అంతకంటే ముఖ్యంగా, నెమో తన పూర్వకథ చెప్పే చోట ఆంగ్లేయుల పాలనపై ఆయనకున్న కోపాన్ని చల్లార్చి రాశారు.

మనకు ఇది చిన్న విషయం కాదు. నెమో అసలు పేరు రాకుమారుడు దక్కార్. ఆయన బుందేల్‌ఖండ్ రాజు కుమారుడు, 1857 తిరుగుబాటులో పోరాడి సర్వస్వమూ పోగొట్టుకొన్నవాడు. ఆ కోపమే లేకపోతే నాటిలస్ ఎందుకు కట్టాడో అర్థం కాదు. కాబట్టి మూలం ఎదుట పెట్టుకొని, పాత అనువాదాన్ని సాయంగా మాత్రమే వాడుకోండి. ఫ్రెంచి రాకపోతే కనీసం నెమో మాట్లాడే అధ్యాయాలనైనా మూలంతో పోల్చి చూడగలిగిన వారి సాయం తీసుకోండి.

వెన్నెముక ఏదో తేల్చుకోండి

మూడు నవలలనూ సమానంగా కలపాలని చూస్తే ఏదీ నిలబడదు. ఒకటి వెన్నెముకగా ఉండాలి, మిగిలినవి దానికి అతుక్కోవాలి. ఇక్కడ వెన్నెముక ద్వీపం కథే కావాలి, ఎందుకంటే మిగతా రెండు కథల దారాలూ వచ్చి ముడిపడేది అక్కడే. 1865 మార్చిలో రిచ్‌మండ్ నగరం నుండి బెలూనులో పారిపోయిన ఐదుగురు మనుషులూ ఒక కుక్కా పసిఫిక్ మహాసముద్రంలోని ఒక నిర్జన ద్వీపంలో పడతారు. ఎవరో కంటికి కనిపించకుండా వారికి సాయం చేస్తూ ఉంటారు. సమీపంలోని తాబోర్ ద్వీపంలో ఒంటరిగా ఉండి అడవి మృగంలా మారిపోయిన ఎయిర్టన్‌ను వారు రక్షిస్తారు. చివరకు కంటపడని ఆ సాయం చేసినవాడు, ద్వీపం కింది గుహలో మరణశయ్య మీద ఉన్న నెమో అని తెలుస్తుంది.

గ్రాంట్ కథను మొత్తంగా చేర్చాలని నేను మొదట పట్టుబట్టాను, ఆ పట్టుదల నాకు కొన్ని నెలలు ఖర్చు పెట్టించింది. ఆ నవల 1864 జులైలో, సొరచేప కడుపులో దొరికిన సీసాతో మొదలవుతుంది. దానిలోని అరకొర ఉత్తరాలను పట్టుకొని, తప్పిపోయిన కెప్టెన్ గ్రాంట్ కోసం గ్లెనార్వన్ ప్రభువు తన డంకన్ నౌకలో 37వ దక్షిణ అక్షాంశం వెంట ప్రపంచాన్ని చుట్టేస్తాడు. ఎయిర్టన్‌ను తాబోర్‌లో దింపేది 1865 మార్చిలో. అంటే బెలూను కూలిన నెలే! ఆ లెక్కన 1866 అక్టోబర్‌లో అతడు దొరికేనాటికి ఒంటరిగా గడిపింది పంతొమ్మిది నెలలు మాత్రమే, అంతలో మాట మరచిపోయి మృగమైపోయాడంటే నమ్మడం కష్టం. వెర్న్‌కూ ఇది తెలుసు. అందుకే ద్వీపం కథలో ఆ సంఘటనలను పదేళ్లు వెనక్కి, 1854–55కు నెట్టి, ఎయిర్టన్ పన్నెండేళ్లు ఒంటరిగా ఉన్నాడని చెప్పించాడు. గ్రాంట్ కథలో పన్నెండేళ్ల బాలుడైన గ్రాంట్ కొడుకు రాబర్ట్, ద్వీపం కథ ముగింపులో డంకన్ కెప్టెనుగా వచ్చి అందరినీ రక్షించాలంటే కూడా ఆ పదేళ్లు అవసరమే.

సరే, మొత్తం గ్రాంట్ కథను పదేళ్లు వెనక్కి జరిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఆస్ట్రేలియాలో శాండ్‌హర్స్ట్ వైపు వెళ్లే రైలు ప్రమాదం ఆ కథలో ముఖ్యమైన ఘట్టం, ఆ దేశంలో మొదటి ఆవిరి రైలు నడిచిందే 1854 సెప్టెంబర్‌లో, అది కూడా మెల్‌బోర్న్ నుండి రేవు దాకా మాత్రమే. భూగోళ శాస్త్రవేత్త పగనెల్ వర్ణించే బర్క్, విల్స్ సాహసయాత్ర 1860–61 నాటిది. న్యూజిలాండ్ భాగమంతా 1860ల మావోరీ యుద్ధాల నేపథ్యం మీదే నిలిచి ఉంది. ఒక తేదీని లాగితే చరిత్ర అంతా ఊడి చేతికి వస్తుంది.

అందువల్ల నా సలహా ఇది. గ్రాంట్ కథను నవలగా కాక, ఎయిర్టన్ నోటి వెంట వచ్చే ఒప్పుకోలుగా మాత్రమే తీసుకోండి. సీసా దొరకడం, ఎయిర్టన్ నమ్మకంగా చేరి మోసగించడం, అతడే బెన్ జాయిస్ అనే దొంగల నాయకుడని బయటపడటం, తాబోర్‌లో వదిలివేయడం అనే నాలుగు ఘట్టాలు చాలు. సంవత్సరాలు పూర్తిగా తీసివేయండి. రైలు ప్రమాదాన్ని ‘దోపిడీ’గా కుదించండి. పన్నెండేళ్లు అనే మాట మాత్రం ఉంచండి, ఎయిర్టన్ పశ్చాత్తాపం మొత్తం ఆ మాట మీదే ఆధారపడి ఉంది. ఆండీస్ పర్వతాలు, భూకంపం, బాలుణ్ణి ఎత్తుకుపోయే రాబందు వంటివి వదులుకోవడానికి మనసు ఒప్పదు. వదులుకోవలసిందే.

తేదీల పట్టిక

ఒక్క వాక్యం రాయకముందే పెద్ద కాగితం మీదనో, కంప్యూటరులోని పట్టికలోనో మూడు నిలువు వరుసలు గీయండి. మొదటి వరుసలో ద్వీపవాసుల రోజులు, రెండవ వరుసలో నాటిలస్ ఉన్న చోటు, మూడవ వరుసలో ఆ తేదీ మీకు దొరికిన అధ్యాయం సంఖ్య రాయండి. మూడవ వరుసను బద్ధకించి వదిలేసినవారు నెల తర్వాత తమ పట్టికను తామే నమ్మలేక మళ్లీ మొదటినుండి చదవవలసి వస్తుంది.

ఈ పట్టిక పూర్తయ్యాక ఒక విచిత్రం బయటపడుతుంది. నాటిలస్ కథ ప్రకారం ప్రొఫెసర్ అరొనాక్స్, అతని సేవకుడు కాన్సే, తిమింగలాల వేటగాడు నెడ్ ల్యాండ్ నాటిలస్ మీదికి చేరింది 1867 నవంబర్ 6న, తప్పించుకున్నది 1868 జూన్ తొలి రోజుల్లో. అదే సంఘటనలను ద్వీపం కథలో చెప్పేటప్పుడు వెర్న్ 1866 నవంబర్ 6, 1867 జూన్ 22 అని రాశాడు. ఏడాది తేడా ఉంది. పుస్తకంలో పాదసూచిక కూడా ఉంది, తేదీలలో కొంత పొంతన లేకపోవడం పాఠకులు గమనిస్తారని, నిజమైన తేదీలు ముందుగా ఎందుకు ఇవ్వలేదో తర్వాత అర్థమవుతుందని అందులో చెప్పారు. చదివినవారిలో చాలామంది దీన్ని తప్పించుకునే మాటగానే తీసుకుంటారు.

కానీ ద్వీపవాసుల వరుస పక్కన పెట్టి చూడండి. 1867–68 తేదీలను తీసుకుంటే, నాటిలస్ అరొనాక్స్‌ను ఎక్కించుకొని మహాసముద్రాలు తిరుగుతున్న సమయంలోనే, 1867 చివర్లో, జ్వరంతో చావుబతుకుల్లో ఉన్న హెర్బర్ట్ (ద్వీపవాసులలో చిన్నవాడు) పక్కన క్వినైన్ పెట్టె ప్రత్యక్షం కావాలి. అది అసాధ్యం. అదే 1866–67 తేదీలను తీసుకుంటే, తాబోర్ నుండి తిరిగివచ్చే పడవకు దారి చూపిన మంట 1866 అక్టోబర్ మూడవ వారంలో వెలిగింది, ఆ తర్వాత నెమో చేసిన పెద్ద సాయం దొంగల ఓడను పేల్చివేయడం, అది 1867 అక్టోబర్‌లో జరిగింది. మధ్యలో ఏడాది ఖాళీ. సరిగ్గా అరొనాక్స్ ప్రయాణం పట్టేంత ఖాళీ.

దూరం కూడా సరిచూడండి. ద్వీపవాసులు పడిన లింకన్ ద్వీపం దక్షిణ అక్షాంశం 34°57′, పశ్చిమ రేఖాంశం 150°30′ దగ్గర ఉందని వెర్న్ చెప్పాడు. అరొనాక్స్ బృందం ప్రయాణిస్తున్న ‘అబ్రహాం లింకన్’ యుద్ధనౌకతో నాటిలస్ తలపడింది జపాన్ తీరానికి తూర్పున. మధ్య దూరం సుమారు పదివేల ఐదు వందల కిలోమీటర్లు. గంటకు యాభై మైళ్లు వెళ్లగల నాటిలస్‌కు రెండు వారాలు ఎక్కువే. ఇటువంటి లెక్క ఎవరూ అడగరు. అయినా చేసి పెట్టుకుంటే రాసేటప్పుడు చేయి వణకదు.

ఏడాది వెనక్కి జరిపినప్పుడు నాటిలస్ కథ చరిత్రతో తెగిపోదు, అదే దీని అందం. నెమో క్రీట్ దీవి తిరుగుబాటుదారులకు బంగారం పంపుతాడు, ఆ తిరుగుబాటు 1866లో మొదలై 1867లో సాగుతూనే ఉంది. నాటిలస్ చూసిన అట్లాంటిక్ కేబులు 1866 జులైలోనే వేశారు. అయితే చిన్న అంకెలు దాగి ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోవాలి. దక్షిణ ధ్రువం మీద నెమో జెండా నాటుతూ 1868 మార్చి 21 అని పలుకుతాడు, దాన్ని 1867 చేయాలి. 1794 జూన్ 1న మునిగిన ఫ్రెంచి యుద్ధనౌక మీదుగా వెళ్తూ ‘నేటికి డెబ్బై నాలుగేళ్లు’ అంటాడు, దాన్ని డెబ్బై మూడు చేయాలి. ఆ రోజు జూన్ 1 కనుక, తప్పించుకున్న రోజును ద్వీపం కథలోని జూన్ 22 కాక, నాటిలస్ కథలోని జూన్ తొలి రోజులుగానే ఉంచండి. సంవత్సరం ఒక పుస్తకం నుండి, రోజు మరొక పుస్తకం నుండి తీసుకోవడంలో తప్పేమీ లేదు, మీ పట్టికలో ఆ మాట రాసిపెట్టుకుంటే చాలు.

ఏ రహస్యాన్ని దాచాలి

పట్టిక పూర్తి కాగానే సంఘటనలన్నిటినీ జరిగిన వరుసలో పేర్చేయాలని చేయి లాగుతుంది. దయచేసి ఆగండి. జరిగిన వరుస వేరు, చెప్పవలసిన వరుస వేరు. జరిగిన వరుసలో పెడితే బుందేల్‌ఖండ్ రాకుమారుడి బాల్యంతో కథ మొదలవుతుంది, మొదటి పేజీలోనే నెమో ఎవరో తెలిసిపోతుంది, ఇక మిగిలిన వందల పేజీలకు ఊపిరి ఉండదు.

ద్వీపం కథలో రెండు రహస్యాలు ఉన్నాయి. సాయం చేస్తున్నది ఎవరు అన్నది మొదటిది. ఆయన అసలు ఎవరు, ఎందుకు లోకాన్ని విడిచాడు అన్నది రెండవది. కూర్పులో రెండింటినీ చివరి దాకా దాచడం సాధ్యం కాదు, నాటిలస్ కథ మధ్యలో వచ్చిందంటే మొదటిది పాఠకునికి తెలిసిపోతుంది. నా అభిప్రాయంలో మొదటిదాన్ని ధైర్యంగా వదులుకోవాలి. ఈ నవలల పేర్లు విన్నవారెవరికైనా అది ఎలాగూ తెలుసు. ద్వీపవాసులకు తెలియనిది పాఠకునికి తెలిసి ఉండటంలో వేరే ఉత్కంఠ ఉంది, క్వినైన్ పెట్టె కనిపించినప్పుడు వారు ఆశ్చర్యపోతుంటే పాఠకుడు ఆ ముసలి చేతిని ఊహించుకుంటాడు. రెండవ రహస్యాన్ని మాత్రం మరణశయ్య దాకా ప్రాణంలా కాపాడండి.

ఆ లెక్కన కథ వరుస ఇలా కుదురుతుంది. బెలూను, ద్వీపం, తాబోర్‌లో మనిషి ఉన్నాడని చెప్పే మరో సీసా, తాబోర్, ఎయిర్టన్ ఒప్పుకోలు వరకు ద్వీపం కథ సాగుతుంది. 1867లో దక్షిణార్ధగోళపు చలికాలం వస్తుంది, ద్వీపంలో పెద్దగా ఏమీ జరగదు, సాయమూ అందదు. అక్కడ అరొనాక్స్ కథను మొత్తంగా, ఎడతెగకుండా పెట్టి, మాల్‌స్ట్రోమ్ సుడిగుండంలో ముగించండి. తిరిగి ద్వీపానికి రాగానే దొంగల ఓడ కనిపిస్తుంది, కొన్ని పేజీలలో అది పేలిపోతుంది. నెమో తిరిగివచ్చాడని ఎవరూ చెప్పనక్కరలేదు.

మన్నారు దగ్గర ముత్యాల వేటగాడిని సొరచేప నుండి కాపాడిన తర్వాత నెమో చెప్పే మాటలున్న ఘట్టాన్ని, ఎంత కోత కోసినా, ఒక్క అక్షరం తగ్గించకండి. ఆ వేటగాడు అణచివేతకు గురైన దేశవాసి అని, తాను ఇప్పటికీ, చివరి శ్వాస దాకా ఆ దేశానికి చెందినవాడినేనని నెమో అంటాడు. ఆ నవల రాస్తున్నప్పుడు నెమోను రష్యా చేతిలో నష్టపోయిన పోలండువాడిగా చేయాలని వెర్న్ అనుకున్నాడు, రష్యాలో అమ్మకాలు పోతాయని ప్రచురణకర్త ఎట్జెల్ ఒప్పుకోలేదు. అయినా ఆ ముత్యాల ఘట్టం తర్వాత వచ్చిన భారతీయ పూర్వకథకు ముందే పాతిన విత్తనంలా సరిపోయింది. పాఠకుడు అప్పుడు దాన్ని దాటిపోవాలి, చివర్లో వెనక్కి తిరిగి చూసుకోవాలి.

అతుకులు

కూర్పులో మీరు సొంతంగా రాయవలసినవి అతుకులు మాత్రమే. అవి ఎంత తక్కువైతే అంత మంచిది, కానీ ఇక్కడ నాలుగు తప్పవు.

మొదటి అతుకు అన్నింటికంటే కష్టమైనది. ద్వీపం కథలో నెమోను చూడగానే సైరస్ స్మిత్ గుర్తుపడతాడు, అరొనాక్స్ పుస్తకం ద్వారా ఆయన చరిత్ర తెలుసు కనుక. 1865 మార్చి నుండి నిర్జన ద్వీపంలో ఉన్న మనిషికి 1867లో ముగిసిన ప్రయాణం గురించిన పుస్తకం ఎలా చేరింది? ఏ తేదీలు తీసుకున్నా ఈ ప్రశ్నకు జవాబు లేదు. కాబట్టి ఆ గుర్తింపును తీసివేయండి. సైరస్ ఆయనెవరో తెలియకుండానే గుహలోకి అడుగుపెట్టాలి, నెమో తానే చెప్పుకోవాలి. ఇది పెద్ద మార్పు, కానీ దీనివల్ల ఆ ఘట్టం బలపడుతుంది. తనను లోకం ఏమనుకుంటున్నదో కూడా తెలియని ముసలివాడు, తనను గురించి ఏమీ తెలియని మనుషుల ముందు మొదటిసారి నోరు విప్పుతాడు.

రెండవది కథ చెప్పేవాడి సంగతి. అరొనాక్స్ ‘నేను’ అని చెబుతాడు, ద్వీపం కథకు పేరులేని కథకుడు. వీటిని ఒకే గొంతులోకి మార్చాలని చూడకండి, రెండూ చప్పబడతాయి. కాశీమజిలీ కథలు విని పెరిగిన మనకు కథలో కథ ఇమడటం కొత్త కాదు, పైన ఒక చట్రం ఉంటే చాలు. ఆ చట్రానికి మనిషిని వెర్న్ సిద్ధం చేసి పెట్టాడు. ద్వీపవాసులలో గిడియన్ స్పిలెట్ ‘న్యూయార్క్ హెరాల్డ్’ విలేఖరి. ద్వీపం నుండి తిరిగివచ్చాక అందరూ అయోవా రాష్ట్రంలో స్థిరపడితే, అక్కడ పత్రిక పెట్టేది కూడా అతడే. తన నోటు పుస్తకం, ఎయిర్టన్ చెప్పినది, తర్వాత అచ్చులో చదివిన అరొనాక్స్ గ్రంథం ముందు పెట్టుకొని స్పిలెట్ ఈ సంపుటాన్ని కూర్చాడని ఒకటిన్నర పేజీ ముందుమాటగా రాయండి. ఇక మీదట ఎక్కడైనా పొంతన కుదరకపోతే, సాక్షులు తలా ఒకలా చెప్పారని స్పిలెట్ ఒక్క వాక్యంలో అనేయవచ్చు. ఆ సౌకర్యాన్ని రెండుసార్లకు మించి వాడితే మాత్రం సాకులా వినిపిస్తుంది.

మూడవది నాటిలస్ సిబ్బంది. ద్వీపం కథలో నెమో సహచరులంతా ఏళ్ల తరబడి ఒక్కొక్కరుగా మరణించారని, ఆయన ఒంటరిగా ఆరేళ్లుగా ఆ గుహలోనే ఉన్నాడని చెబుతారు. మన పట్టికలో అంత వ్యవధి లేదు. సుడిగుండమే సిబ్బందిలో ఎక్కువమందిని మింగిందని, మిగిలినవారు తిరుగు ప్రయాణంలో పోయారని మూడు వాక్యాలలో నెమో చేత చెప్పించండి. 1865లోనే ఆయన ద్వీపంలో ఎలా ఉన్నాడంటే, అది ఆయన రహస్య రేవులలో ఒకటి. అట్లాంటిక్‌లో చల్లారిన అగ్నిపర్వతం కడుపులో నాటిలస్ ఆగే ఘట్టాన్ని కోయకుండా ఉంచితే ఈ మాట వివరించే పని కూడా ఉండదు. 1867 తర్వాత బసాల్టు రాళ్లు పైకి లేచి గుహ ద్వారం మూసుకుపోయిందన్నది వెర్న్ చెప్పినదే.

నాలుగవది వయసు. ముప్పై ఏళ్ల వయసు దాకా ఐరోపాలో చదివిన దక్కార్ 1849లో బుందేల్‌ఖండ్ తిరిగివచ్చాడని వెర్న్ రాశాడు. అంటే 1868లో ఆయనకు నలభై తొమ్మిదేళ్లు, కానీ పుస్తకంలో అరవై దాటిన వృద్ధుడిగా కనిపిస్తాడు. జుట్టు దుఃఖంతో నెరిసిందని చెప్పి, అరవై అనే అంకెను తీసేయండి. ఆయనను టిప్పు సుల్తాను బంధువుగా చెప్పే మాటను నేనైతే ముట్టుకోలేదు. 1799లో మరణించినవాడికి 1819 ప్రాంతంలో పుట్టిన మేనల్లుడు ఎలా కుదురుతాడో, మైసూరుకూ బుందేల్‌ఖండుకూ ఆ చుట్టరికమేమిటో అడిగితే జవాబు లేదు. కానీ అది వెర్న్ పొరపాటు, ఆయన పేరుతోనే ఉండనివ్వండి.

కోత

నాటిలస్ కథలో 47 అధ్యాయాలు, ద్వీపం కథలో 62. కూర్పులో నాటిలస్ కథ పదిహేను పదహారు అధ్యాయాలకు మించితే పాఠకుడు ద్వీపాన్ని మరచిపోతాడు. చేపల జాబితాలు ముందుగా పోతాయి, అక్కడ ఎవరూ కన్నీరు కార్చరు. ద్వీపం కథలో మాత్రం ఇటుకలు కాల్చడం, ఇనుము కరిగించడం, నైట్రోగ్లిజరిన్ తయారుచేయడం వంటివి జాబితాలుగా కనిపించినా కోయకండి. మనిషి చేతులతో లోకాన్ని తిరిగి కట్టుకోవడమే ఆ నవల. బావి దగ్గర కుక్క ఊరికే మొరిగే చిన్న ఘట్టాలు నాటిలస్ దూరంగా ఉన్న నెలల్లో పడితే, వాటిని ముందుకో వెనక్కో జరపండి.

తెలుగులో రాసేటప్పుడు

పేర్ల ఉచ్చారణ మొదటి రోజే నిర్ణయించి జాబితా పెట్టుకోండి, లేకపోతే ఎయిర్టన్ నలభై పేజీల తర్వాత ఐర్టన్ అవుతాడు. లీగు అనే కొలతను ఆమడగానో క్రోసుగానో మార్చకండి. వెర్న్ లీగు నాలుగు కిలోమీటర్లు, ఇరవై వేల లీగులంటే నాటిలస్ తిరిగిన దూరం ఎనభై వేల కిలోమీటర్లు. దాన్ని లోతు అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, శీర్షిక రాసేటప్పుడు ఆ అపోహకు తావివ్వకండి.

మర్యాద వాచకాలు తెలుగులో కథను మార్చేస్తాయి. ఎయిర్టన్‌ను తాబోర్‌లో పట్టుకున్నప్పుడు ‘వాడు’ అని మొదలుపెట్టి, ఒప్పుకోలు తర్వాత ‘అతడు’కు రండి. ద్వీపవాసులలో ఒకడైన నాబ్ బానిసత్వం నుండి విముక్తి పొందినవాడు, అయినా సైరస్‌ను వదలని మనిషి. అతని చేత ‘అయ్యగారూ’ అనిపించడం మూలానికి దగ్గరే, కానీ సైరస్ అతన్ని ‘ఒరే’ అని పిలిస్తే సైరస్ మనిషే మారిపోతాడు. నాబ్‌ను ఒరాంగుటాన్ జప్‌తో పోలుస్తూ సాగే హాస్యాన్ని నేను తీసేశాను, తీసేసినట్లు అనుబంధంలో రాశాను. ఉంచాలనుకునేవారు అది 1870ల నాటి రాత అని ముందుమాటలో చెప్పాలి.

చివరి చదువు

మీరు రాసిన ప్రతి వాక్యానికీ చిత్తుప్రతిలో వేరే రంగు వేసుకోండి. పూర్తయ్యాక దూరం నుండి చూస్తే ఆ రంగు నూటికి ఐదు పాళ్లు దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. తర్వాత ఇద్దరు పాఠకులకు ఇవ్వండి. ఒకరు వెర్న్‌ను చదివినవారు, మరొకరు అసలు చదవనివారు అయి ఉండాలి. చదివినవారిని ఏది మారిందో చెప్పమనండి. చదవనివారిని ఒక్కటే అడగండి, నెమో ఏ దేశం వాడో మీకు ఏ పేజీలో తెలిసింది అని. గుహ కంటే ముందే తెలిసిందంటే, మన్నారుకూ మరణశయ్యకూ మధ్య ఎక్కడో మీ సొంత వాక్యం ఒకటి ఎక్కువ మాట్లాడిందని అర్థం. రంగు వేసిన వాక్యాలలో వెతకండి, దొరుకుతుంది.

పుస్తకం మీద వెర్న్ పేరు పెద్దగా, మీ పేరు కూర్పరిగా చిన్నగా ఉండాలి. తేదీల పట్టికను, చేసిన మార్పుల జాబితాను చివర అనుబంధంగా చేర్చండి. మీ అతుకులు నచ్చనివారు ఆ పట్టిక తీసుకొని తమవి తాము వేసుకుంటారు.